మూసీ, ఈసీల నడుమ మరచిన పేరు

మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కినప్పుడు మా మనసులో పెద్ద ఉద్దేశమేమీ లేదు. పిల్లలకు వరుసగా రెండు రోజులు సెలవు. చేవెళ్ల దారిలోని మర్రిచెట్లు రోడ్డు వెడల్పు పనుల్లో పోతాయేమోనని చాలా కాలంగా వింటున్నాము. ఉన్నప్పుడే వాటిని ఒకసారి పిల్లలకు చూపాలనుకున్నాము. తిరుగు ప్రయాణంలో రెండు చెరువుల గట్లపై కాసేపు నిలిచి, మగ్రిబ్ వేళకు ఇల్లు చేరాలన్నది మా ఆలోచన. చూసి వచ్చినది అంతే. తీసుకుని వచ్చినది మాత్రం ఒక మనిషి పేరు. అది మన ఇళ్లలో అరుదుగా వినిపించే పేరు. ఆయన చేతి పని ఫలితాన్ని అనుభవించిన ఇళ్లు మాత్రం లెక్కకు అందవు.

నీడల బాట

లంగర్‌హౌజ్ దాటి, పోలీసు అకాడమీ కూడలి వదిలాక రోడ్డు పశ్చిమానికి సాగుతుంది. ఇది హైదరాబాదు నుంచి బీజాపూర్‌కు వెళ్లే పాత బాట. అజీజ్‌నగర్, హిమాయత్‌నగర్, మొయినాబాద్, కనకమామిడి, చేవెళ్ల. ఈ ఊళ్ల పేర్లను వరుసగా చదివితేనే ఉర్దూ, తెలుగు ఒకే గడపలో కూర్చున్నట్టు ఉంటుంది. మొయినాబాద్ దాటిన తరువాత మర్రిచెట్లు మొదలవుతాయి. రెండు వైపులా పెరిగి, పైన కొమ్మలు కలుపుకొని, ఊడలు దించిన మహావృక్షాలు. మన్నెగూడ వరకు సుమారు తొమ్మిది వందల చెట్లు ఉన్నాయని వాటిని లెక్కించినవారు చెబుతారు. ఎండలో వచ్చిన బస్సు ఒక్కసారిగా చల్లని గదిలోకి ప్రవేశించినట్టయింది. కిటికీ పక్కనున్న మా చిన్నది చేయి బయటకు చాపబోయి, వాళ్ల అమ్మీ చేత చీవాట్లు తిన్నది.

చేవెళ్లలో దిగి, రోడ్డు పక్కన టీ తాగుతూ ఒక వృద్ధ రైతుతో మాట కలిపాము. ఆయన తన తోటలోని బీన్సు, క్యారెట్ నగరానికి పంపి వస్తున్నాడట. చెట్ల సంగతి అడిగితే ఆయన నవ్వాడు.

“చెట్టు కావాలె సాబ్, రోడ్డూ కావాలె. ఈ రోడ్డు మీద ఎన్ని పానాలు పోయినయో మాకు ఎరుక. చెట్టును కొట్టుకుంటనే రోడ్డు ఎయ్యాల్నా, జరిగి ఎయ్యరాదా అని అడుగుతున్నం, అంతే.”

ఇంత సూటిగా ఈ వివాదాన్ని చెప్పినవారిని మేము చూడలేదు. ఇరుకు రోడ్డుపై జరుగుతున్న ఘోర ప్రమాదాలు నిజం. ఒక తరం నాటి, మరొక తరం నీళ్లు పోసి పెంచిన చెట్లూ నిజం. ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లినది రోడ్డు వద్దనడానికి కాదు, చెట్లను దాటి రోడ్డు వేసే మార్గం చూడమనడానికే. ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది నాటినవానికి దానంగా నమోదవుతుందని మన ప్రవక్త (స) బోధించారు. ఈ మర్రి పండ్లను తింటున్న చిలుకల గుంపును పిల్లలకు చూపి ఆ మాట చెప్పాము.

అప్పుడే మా చిన్నది అడిగింది: “అబ్బా, ఈ చెట్లు ఎవరు నాటారు?”

“నిజాం కాలంలో నాటారు తల్లీ” అన్నాము. అందరూ చెప్పే జవాబు అదే.

“నిజామే గుంతలు తవ్వాడా?”

మేము నవ్వి ఊరుకున్నాము. అయితే ఆ ప్రశ్న మమ్మల్ని ఆ రోజంతా వదలలేదు.

రెండు నదుల మధ్య నేల

మొయినాబాద్‌లో జుహర్ నమాజ్ ముగించుకుని, ఆటో మాట్లాడుకున్నాము. ఈ ఊరి ఉనికిని పటంలో చూస్తేనే దాని ప్రత్యేకత తెలుస్తుంది. ఉత్తరాన మూసీ నది, దానిపై ఉస్మాన్‌సాగర్. మనం గండిపేట అంటాము. దక్షిణాన ఈసీ నది, దానిపై హిమాయత్‌సాగర్. వికారాబాద్ వైపు కొండలలో పుట్టిన ఈ నీళ్లు మొయినాబాద్‌కు ఇరువైపులా ప్రవహించి, నగరపు అంచున లంగర్‌హౌజ్ వద్ద బాపూఘాట్‌లో కలుస్తాయి. రోడ్డుకు ఒక పక్క పడిన వాన ఒక చెరువుకు, మరో పక్క పడిన వాన మరో చెరువుకు వెళ్తుంది. అంటే చేవెళ్ల రైతు పొలం గట్టుపై పడిన చినుకే ఒకప్పుడు పాతబస్తీ ఇంటి కుండలోని నీరు.

చిల్కూరు మీదుగా వెళ్లాము. ఆ ఊరి బాలాజీ ఆలయానికి వచ్చిన జనంతో దారి నిండిపోయి ఉంది. హుండీ లేని గుడిగా దానికి పేరు. మా ఆటో నడిపిన సోదరుడు గుడి దగ్గర జనానికి దారి ఇస్తూ, పూలమ్మే అవ్వను పేరు పెట్టి పలకరిస్తూ సాగాడు. గులాబీ తోటలు, ఆకుకూరల మడులు, వాటి నడుమ ఎత్తయిన గోడలు కట్టిన ఫాంహౌసులు. ఆ గోడలు దాటాక నీరు కనిపించింది.

1908 నాటి గాయం

గట్టు మీద నిలిచిన పిల్లలకు ఆ నీటి వెనుక ఉన్న కన్నీటి కథ చెప్పక తప్పలేదు.

1908 సెప్టెంబరు 28. ఆ యేడు రంజాన్ మాసం మొదలైన రోజులవి. శంషాబాద్ ప్రాంతంలో రెండు రోజుల్లో దాదాపు 19 అంగుళాల వాన కురిసింది. ఆ కాలంలో ఈ నదుల పరీవాహక ప్రాంతమంతా చెరువులే. 860 చదరపు మైళ్లలో 788 చెరువులు. ఇంచుమించు మైలుకొక చెరువు. వాన ఉధృతికి పైచెరువు తెగి కింది చెరువు మీద పడింది. అది తెగి మరొక దాని మీద పడింది. అలా 221 చెరువులు తెగాయి. వాటిలో 182 ఈసీ పరీవాహకంలోనివే. తెల్లవారేసరికి మూసీ నగరం మీద పడింది. సుమారు 15 వేల మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికి బయటపడ్డారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ప్రసిద్ధ ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ కోల్పోయి ఒంటరిగా మిగిలారు.

ఆనాటి పాలకుడు మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఈ ఉపద్రవం మళ్లీ రాకుండా ఏమి చేయాలో సూచించేందుకు 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, వరదను పట్టి ఉంచే రెండు జలాశయాలు కట్టాలని ఆయన నివేదించారు. వరద వచ్చినప్పుడు ఆపడం, మిగతా కాలంలో తాగునీరివ్వడం వాటి పని. ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1920 నాటికి ఉస్మాన్‌సాగర్ పూర్తయింది. హిమాయత్‌సాగర్ 1921లో మొదలై 1927లో ముగిసింది. యువరాజు హిమాయత్ అలీ ఖాన్ పేరు దానికి పెట్టారు.

ఇంతవరకూ చాలామందికి తెలిసిన సంగతే. పాలకుల పేర్లు చెరువులకు నిలిచాయి. పథకం వేసిన విశ్వేశ్వరయ్యను దేశమంతా తలచుకుంటుంది; అది న్యాయమే. అయితే కాగితం మీది పథకాన్ని నేల మీద నిలబెట్టినవారెవరు? చిన్నదాని ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది.

మీర్ అహ్మద్ అలీ

హిమాయత్‌సాగర్ కట్టిన కాలంలో హైదరాబాద్ సంస్థానపు ప్రజాపనుల శాఖను నడిపించిన ఇంజనీరు మీర్ అహ్మద్ అలీ. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అన్న బిరుదుతో చరిత్రకు తెలిసినవారు. 1877 జూలై 11న హైదరాబాదులో పుట్టారు. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు, మదరసా-ఎ-ఆలియా, నిజాం కళాశాలల్లో చదివారు. 1896లో సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో ఇంగ్లండుకు వెళ్లి, కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరారు. భారతదేశంలో పనిచేయవలసిన ఇంజనీర్ల కోసమే ఆంగ్లేయులు పెట్టిన కళాశాల అది. 1899లో, పందొమ్మిదో శతాబ్ది చివరి దినాలలో, ఆయన తిరిగి వచ్చి ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా కొలువు ప్రారంభించారు.

ఆ కాలాన్ని ఒకసారి ఊహించండి. సంస్థానంలో పెద్ద పనులన్నీ విదేశీ ఇంజనీర్ల చేతిలో ఉన్న రోజులవి. ఇరవై రెండేళ్ల స్థానిక యువకుడు ఆ శాఖలో చిన్న ఉద్యోగిగా అడుగుపెట్టి, మెట్టు తరువాత మెట్టు ఎక్కి చీఫ్ ఇంజనీరు అయ్యాడు. తరువాత ఆయన చేతి మీదుగా నడిచిన పనుల జాబితా తెలంగాణ పటమంత విశాలమైనది. హిమాయత్‌సాగర్, మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, 2.75 లక్షల ఎకరాల ఆయకట్టుకు ఉద్దేశించినది. ఖమ్మం వైపు పాలేరు, వైరా. నల్లగొండ వైపు డిండి. 1929లో బొంబాయి ప్రభుత్వం సింధులోని సుక్కూర్ బ్యారేజీ వ్యవహారాన్ని పరిశీలించడానికి విశ్వేశ్వరయ్యతో పాటు ఈయననూ పిలిచింది. కాంగ్రెసు ఏర్పరచిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదులు, నీటిపారుదల ఉపసంఘానికి ఈయనే అధ్యక్షులు. 1949 డిసెంబరు 6న మరణించారు.

2014లో రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆయన పుట్టినరోజైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా ప్రకటించారు. అది ఒక మంచి పని. అయినా ఈ గట్టు మీద ఆ సాయంత్రం మేము పలకరించిన పది మందిలో ఒక్కరూ ఆ పేరు చెప్పలేదు. అందరూ “నిజాం కట్టించిండు” అన్నారు. సిగ్గుపడుతూ చెబుతున్నాము, ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేసేదాకా ఆయన జీవితం మాకూ ఇంతగా తెలియదు.

ఆయన ఒక్కరే కట్టారని చెప్పడం కూడా మరో అన్యాయం అవుతుంది. జలాశయాల నిర్మాణ బాధ్యతను దగ్గరుండి మోసిన సి.టి. దలాల్ వంటి ఇంజనీర్లున్నారు. రాయి కొట్టినవారు, మట్టి మోసినవారు, డంగు సున్నం గానుగ తిప్పినవారు ఉన్నారు. నీట మునిగిన పొలాలను వదిలి వెళ్లిన కుటుంబాలున్నాయి. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

ఇది మన ఒక్క ఊరి కథ కూడా కాదు. హారూన్ రషీద్ సతీమణి జుబైదా మక్కా యాత్రికుల దప్పిక తీర్చడానికి కొండలను తొలిపించి కాలువ తవ్వించారు. ఐన్ జుబైదా అని ముస్లిం లోకమంతా ఆమె పేరు తలచుకుంటుంది. ఆ రాతిలో వాలును కొలిచిన చేతులెవరివో అడిగేవారు లేరు. మన నగరంలోనే పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో కట్టిన మీర్ ఆలం చెరువు గట్టు 21 అర్ధచంద్రాకారపు కమానులతో నేటికీ నిలిచి ఉంది. దివాను మీర్ ఆలం పేరు మిగిలింది. కమానులు కట్టిన మేస్త్రీల పేర్లు నీటిలో కలిశాయి.

అల్లాహ్ దగ్గర ఏ పేరూ పోదు. ఆ నమ్మకం మనకుంది. కానీ మన దగ్గర పోవడం మన లోపమే. మేలు చేసిన మనిషికి కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాలేడని కదా మనకు నేర్పినది!

వాలు నేర్పిన పాఠం

ఈ రెండు జలాశయాల గొప్పతనం వాటి పరిమాణంలో లేదు. ఉస్మాన్‌సాగర్ సామర్థ్యం 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌ది 2.97 టీఎంసీలు. నేటి ప్రాజెక్టుల ముందు ఇవి చిన్నవి. గొప్పతనం వాలులో ఉంది. గండిపేట నీరు కాలువ గుండా ఆసిఫ్‌నగర్ నీటిశుద్ధి కేంద్రానికీ, హిమాయత్‌సాగర్ నీరు మీర్ ఆలం కేంద్రానికీ తనంత తానే నడిచి వెళ్లేట్టు ఏర్పాటు చేశారు. మోటారు లేదు, కరెంటు ఖర్చు లేదు. నేడు నగరం తాగే కృష్ణా నీటిని నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి, గోదావరి నీటిని 186 కిలోమీటర్ల దూరంలోని ఎల్లంపల్లి నుంచి పంపులతో ఎత్తి తెస్తున్నాము. కొలిచి కట్టిన ఆ పాత వాలు విలువ అప్పుడు తెలుస్తుంది.

వరద వేళ కూడా అంతే. ఉస్మాన్‌సాగర్‌కు 15 గేట్లు, హిమాయత్‌సాగర్‌కు 17. పెద్ద వానలు పడినప్పుడు వాటిని ఒక్కొక్కటిగా ఎత్తుతూ నీటిని వదులుతారు. పురానాపూల్ దగ్గరి మన బంధువులు వాన రాత్రి నిద్రపోగలుగుతున్నారంటే ఈ గేట్ల పుణ్యమే.

అందుకే ఎగువ ప్రాంతాన్ని కాపాడడానికి 1996 మార్చి 8న 111వ నంబరు ఉత్తర్వు వచ్చింది. రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో, కాలుష్య పరిశ్రమలనూ పెద్ద కట్టడాలనూ అది నిషేధించింది. 2000లో సుప్రీంకోర్టు ఒక నూనె కర్మాగారం కేసులో ఆ రక్షణను సమర్థించింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగించింది.

ఈ విషయంలో తీర్పు చెప్పడం నగరవాసులకు తేలిక. కానీ చేవెళ్ల టీ బండి దగ్గరి రైతు మాట మాకు గుర్తొచ్చింది. “అవుతల ఊళ్ల ఎకరం కోట్లు పలికింది, మా భూమి పడావు పడ్డది. నీళ్లు మీకు, కట్టుబాటు మాకు” అన్నాడాయన. ఆ ఫిర్యాదులో న్యాయముంది. ఈ నేల వాననీరు నగరానికి పోయింది. ఈ నేలకు గోదావరి నీరు తెస్తామని 16.40 లక్షల ఎకరాల లక్ష్యంతో ప్రాణహిత–చేవెళ్ల అన్న పథకం పుట్టింది; తరువాత పథకం రూపం మారింది, చేవెళ్ల పేరు వెనుకబడింది. నీరిచ్చిన ఊరే నీటి కోసం ఎదురుచూడడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఆంక్షలు ఉండాలంటే, వాటి భారం మోసిన రైతుకు పరిహారం ఉండాలి. ఆ భారాన్ని నీరు తాగినవారు పంచుకోవాలి. అది జరగనందువల్లనే చెరువు ఒకవైపు, రైతు మరొకవైపు నిలబడవలసి వచ్చింది. మధ్యలో లాభపడినది ఎత్తు గోడలు కట్టగలిగినవారు.

గట్టు మీద అస్ర్

హిమాయత్‌సాగర్ చేరేసరికి ఎండ వాలింది. గట్టు కింద ఔటర్ రింగు రోడ్డు మీద వాహనాలు, గట్టు ఇవతల నిశ్చలమైన నీరు. దూరాన రెండు తెప్పలు. కొంగలు ఒడ్డున నిలబడి ఉన్నాయి. వాటి కాళ్ల దగ్గరే ప్లాస్టిక్ కవర్లు, తిని పారేసిన పళ్లేలు కూడా ఉన్నాయి. విహారానికి వచ్చిన మనవంటి కుటుంబాలు వదిలి వెళ్లినవే అవి.

అస్ర్ నమాజ్‌కు సీసాలోని నీటితో వుజూ చేసుకుంటున్నాము. మా పెద్దవాడు ఎదుట ఉన్న చెరువును చూపి, “ఇంత నీరుండగా సీసా నీటిని ఇంత పొదుపుగా వాడడమెందుకు?” అన్నాడు. పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీటిని వృథా చేయరాదని ప్రవక్త (స) హెచ్చరించిన సంగతి వాడికి చెప్పాము. హజ్రత్ సఅద్ (ర) మరణించిన తన తల్లి పేర ఏ దానం ఉత్తమమని అడిగితే, నీరు అని ఆయన (స) జవాబిచ్చారు. సఅద్ బావి తవ్వించారు. ఆ మాట వినగానే చిన్నది నీటి వైపు చూసి అడిగింది: “అయితే అలీ నవాజ్ జంగ్‌గారికి ఇప్పటికీ పుణ్యం వస్తూనే ఉంటుందా?”

అది అల్లాహ్‌కే తెలుసు తల్లీ, మనం ఆయన కోసం దుఆ చేద్దాం అన్నాము. ఆయన కోసమూ, రాయి కొట్టినవారి కోసమూ, పొలాలు వదిలినవారి కోసమూ కలిపి చేశాము.

నమాజ్ తరువాత పిల్లలిద్దరూ ఒక ఖాళీ సంచి తీసుకుని ఒడ్డున కవర్లు ఏరసాగారు. మేమూ కలిశాము. సంచి నిండింది గానీ ఒడ్డు శుభ్రపడలేదు. దానికి ఒక కుటుంబం చాలదు.

పాఠకులకు మా మనవి చిన్నదే. ఈ సెలవుల్లో పిల్లలను తీసుకుని ఒకసారి ఆ దారిన వెళ్లండి. చేవెళ్లలో ఏ రైతు దగ్గరైనా బేరమాడకుండా కూరగాయలు కొనండి. ఆ నేలకు మనం బాకీ ఉన్నాము. మర్రి నీడలో కాసేపు కూర్చోండి. గట్టు మీద నిలిచినప్పుడు ఇది నిజాం చెరువని చెప్పి ఊరుకోకుండా, మీర్ అహ్మద్ అలీ అనే మనిషి పేరు కూడా చెప్పండి. మీ పిల్లల్లో ఎవరైనా ఇంజనీరు కావాలని కలగంటూ ఉంటే, జీతం ఎంతో చెప్పే ముందు ఈ వాలును చూపించండి. తిరిగి వచ్చేటప్పుడు మీ చెత్తను మీతోనే తీసుకురండి.

మగ్రిబ్ అజాన్ వేళకు మేము లంగర్‌హౌజ్ చేరాము. ఇంటికి వచ్చి కొళాయి తిప్పినప్పుడు చిన్నది గ్లాసు నిండగానే కొళాయి కట్టేసింది. ఆ రోజు ఎవరూ ఆమెకు చెప్పవలసిన అవసరం రాలేదు.